విడిది ఎవరి పేరు మీద?

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడు, మాఘమాసపు పెళ్ళిళ్ళ రోజుల్లో, నేను బందరు ఈడేపల్లిలోని మా మేడను ఒక యాప్ ద్వారా రోజువారీ అద్దెకిచ్చే పనిలో ఉన్నాను. అంతకుముందు విజయవాడలో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో చేరి, డ్యూటీ మేనేజరుగా దిగిపోయాను. హోటల్లో ఉన్నప్పుడు నేను గంట కొడితే మనుషులు వచ్చేవాళ్ళు. ఇక్కడ నా హోదా 'హోస్ట్'. ఆ మాటకు బందరులో అర్థం తాళాలు తెరిచే ఆవిడ, గీజరు పనిచెయ్యకపోతే మాటలు పడే ఆవిడ అని. ఇప్పుడు ఆ పనీ మానేశాను కనుక ఒక సంగతి మొహమాటం లేకుండా రాయవచ్చు.

మా వృత్తిలో అన్నిటికన్నా పెద్ద తలనొప్పి 'థర్డ్ పార్టీ బుకింగ్'. యాప్‌లో ఇల్లు బుక్ చేసేది ఒకరు, వచ్చి మంచం మీద పడుకునేది మరొకరు. సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దలు ఎప్పుడో అన్న సంగతికే ఇది ఇంగ్లీషు పేరు. యాప్ నియమం ప్రకారం బుక్ చేసినవాడే బస చెయ్యాలి. లేదంటే ఇంట్లో ఏది విరిగినా, కాలినా, ఎవరు తన్నుకున్నా యాప్ ఇచ్చే రక్షణ వర్తించదు. బుక్ చేసినవాడు "నేనక్కడ లేను కదండీ" అంటాడు. ఉన్నవాడు "నేను బుక్ చెయ్యలేదు కదండీ" అంటాడు. ఇద్దరు చెప్పేదీ నిజమే, మధ్యలో ఇంటావిడ మాత్రం అబద్ధం.

ఈ నియమం రాసినవాళ్ళు కృష్ణా జిల్లా మొహం చూసి ఉండరు. ఇక్కడ ఎవరి గది వాళ్ళే బుక్ చేసుకోవడం చిన్నతనం. పెద్దమనిషికి అనుచరుడు చేస్తాడు, అనుచరుడికి వాడి బావమరిది చేస్తాడు. కృత్తివెన్ను వైపు రొయ్యలు కొనేవాళ్ళు వస్తే చెరువు రైతు చేస్తాడు. పెడనలో కలంకారీ బట్టలు కొనేవాళ్ళు వస్తే అద్దకం షెడ్డు యజమాని చేస్తాడు. దిగేది ఎవరండీ అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు, "మనవాళ్ళేనండీ" అని. మనవాళ్ళు అనే పేరు మీద మా ఇంట్లో ఎంతమంది నిద్రపోయారో నాకే తెలియదు.

అంతకు ముందటి వేసవిలో ఒకాయన ఇలాగే తన పేరున బుక్ చేసి ఆఫీసు స్నేహితులని చెప్పి కొంతమందిని దింపాడు. వాళ్ళ ఆఫీసు పేకాట అని పోలీసులు వచ్చాక తెలిసింది. హోటల్లో ఎందరో అధికారులకు నమస్కారం పెట్టి గది చూపించిన నేను, స్టేషన్లో బల్ల అంచు మీద కూర్చుని సంజాయిషీ చెప్పుకున్నాను. ఇకమీదట పెద్దవాళ్ళు ఎవరు దిగినా గుర్తింపు కార్డు చూడకుండా తాళం ఇవ్వనని ఎస్సై గారికి మాట ఇచ్చాను. యాప్ వాళ్ళు కూడా, మరొక్కసారి ఇలా జరిగితే మీ ఇల్లు మా జాబితాలో ఉండదు అని రాశారు. హోటల్ కొలువుకు పింఛను ఉండదు. ఆ మేడ మీద వచ్చేదే నాకు ఆధారం.

సరిగ్గా అటువంటి సమయంలో గుడివాడలో ఎరువుల దుకాణం నడిపే నాంచారయ్య గారు మేడ మొత్తం బుక్ చేశారు. ఆయన కూతురు లావణ్య పెళ్ళి. గుడివాడలో ఆ ముహూర్తానికి కల్యాణ మండపాలు దొరక్క బందరులో తీసుకున్నారు. మా మేడ మగపెళ్ళివారికి విడిది. విడిది సంగతి తెలుగువాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, మా వృత్తి భాషలో అది తాతల నాటి థర్డ్ పార్టీ బుకింగ్. ఆడపెళ్ళివారు ఏర్పాటు చెయ్యాలి, మగపెళ్ళివారు దిగాలి, దిగి వంకలు పెట్టాలి. మా క్రైస్తవుల పెళ్ళిళ్ళలోనూ విడిది ఉంది, అలకా ఉంది. కాకపోతే మావాళ్ళు అలిగే ముందు చిన్న ప్రార్థన చేస్తారు. ఈ మగపెళ్ళివారిది అవనిగడ్డ. చల్లపల్లి మీదుగా కారులో ఎంతో దూరం లేదు, ఇంట్లో భోంచేసి బయలుదేరినా రాత్రి ముహూర్తానికి తీరిగ్గా అందుకుంటారు. అయినా విడిది ఉండాల్సిందే, లేకపోతే వంక పెట్టడానికి చోటేదీ?

విడిది అని తెలిసీ నేను ఒప్పుకున్నాను, ఒక షరతు మీద. దిగే పెద్దలందరి పేర్లు బుకింగ్‌లో చేర్చాలి, ఒక్కొక్కరి కార్డు నకలూ జతచెయ్యాలి. నాంచారయ్య గారు అలాగేనండీ అన్నారు. ఆయన పంపిన జాబితా తెరిచి చూస్తే పేర్ల స్థానంలో ఇలా ఉంది: పెళ్ళికొడుకు గారు, బావగారు, అక్కయ్య గారు, పెద్దబావగారు, పెద్దక్కయ్య గారు, బావగారి తోడల్లుడు గారు. వియ్యాలవారిని పేరు పెట్టి రాయడం మర్యాద కాదని ఆయన ఉద్దేశం. ఇక కార్డులంటారా, ఒక్కొక్క పేరు కిందా ఒక కార్డు జత చెయ్యమంటే అన్నిచోట్లా తన ఆధార్ కార్డే జత చేశారు. అక్కయ్య గారి ఫొటో తెరిచినా మీసాలతో నాంచారయ్య గారే నవ్వుతున్నారు. యాప్‌కు బంధుత్వాలు తెలియవు కనుక అన్నిటినీ ఒప్పుకుంది.

నేను ఫోన్ చేసి, ఇది కుదరదు, వాళ్ళ కార్డులు వాళ్ళని అడిగి పంపండి అన్నాను. ఆయన గొంతు తగ్గించారు.

"సుగుణ గారూ, మా పిల్లని చేసుకోండని ఏడాది తిరిగానండీ. ఇప్పుడు మీరెవరో రుజువు చూపించండంటే ఏం బావుంటుందండీ? దిగాక మీరే మెల్లగా అడగండి. మీరు పరాయివాళ్ళు కాబట్టి ఏమీ అనుకోరు."

అనుకోరని ఆయనకు ఎవరు చెప్పారో నేను అడగలేదు. అడగాల్సింది.

పెళ్ళినాటి మధ్యాహ్నం నాలుగు కార్లు వచ్చి మా గేటు ముందు ఆగాయి. సన్నాయి మేళం సిద్ధంగా ఉంది. బిందెల్లో పానకం, పళ్ళేల్లో తాంబూలాలు పట్టుకుని ఆడపెళ్ళివారు వరసగా నిలబడ్డారు. ఎదురుకోలు అంటే అదే, విడిది గుమ్మంలో మగపెళ్ళివారిని ఆహ్వానించడం. నేను ఆ వరస చివర రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఉందని నా వాలకం నాకే తెలుసు.

ముందు కారులోంచి దిగినాయన పెళ్ళికొడుకు పెదనాన్న, కోటేశ్వరరావు గారు. జాబితాలో పెద్దబావగారు ఈయనే. డిప్యూటీ తహసీల్దారుగా చేసి రిటైరయ్యారు. మండల కార్యాలయంలో తహసీల్దారు తర్వాత ఆ కుర్చీదే మాట. ధ్రువపత్రం కావాలన్నవాణ్ణి చిరునామాకు రుజువేది, ఆ రుజువుకు రుజువేది అని తిప్పిన సర్వీసు ఆయనది. నేను నమస్కారం పెట్టి, పెద్దవాళ్ళ గుర్తింపు కార్డులు ఒకసారి చూపిస్తే తాళాలు అప్పగిస్తానని వీలైనంత మెత్తగా చెప్పాను.

ఆయన నా వైపు చూడలేదు. నాంచారయ్య గారి వైపు తిరిగారు.

"మేమెవరమో తెలియకుండానే పిల్లనిస్తున్నావా నాంచారయ్యా?"

అని, పానకం గ్లాసు ముట్టకుండా వెనక్కి వెళ్ళి కారులో కూర్చున్నారు. అద్దాలు పైకి లేచాయి, ఏసీ మోత మొదలైంది. మిగతా మూడు కార్ల వాళ్ళు కూడా దిగబోయినవాళ్ళు దిగబోయినట్టే మళ్ళీ లోపలికి ఒదిగిపోయారు. సన్నాయి ఆయన ఒక కీర్తన మధ్యలో ఆగి, వాయించాలో మానాలో తెలియక, నాంచారయ్య గారి మొహం చూస్తూ నిలబడ్డాడు. డోలు ఆయన మాత్రం ఇలాంటివి చాలా చూసినట్టున్నాడు, ఒక గ్లాసు పానకం తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

ఆడపెళ్ళివారిలో ఒకావిడ నా దగ్గరకొచ్చి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ, పిల్లనిచ్చేవాళ్ళకే లేదు అనుమానం" అన్నారు. నిజమే, కంద వాళ్ళది. కానీ స్టేషన్లో మాట ఇచ్చింది కత్తిపీట. ఈ కార్లు దిగకుండా అవనిగడ్డ తిరిగి వెళ్తే లావణ్య పెళ్ళి ఆగుతుంది. అడగకుండా దింపితే నా బతుకుతెరువు ఆగుతుంది. అప్పటికే కోటేశ్వరరావు గారి డ్రైవరు కారు తిప్పడానికి వెనక ఎంత చోటుందో దిగి చూస్తున్నాడు.

నాంచారయ్య గారు కండువాతో మొహం తుడుచుకుంటూ వచ్చారు. "మీ కాళ్ళు పట్టుకుంటానండీ" అన్నారు. అని ఊరుకోలేదు, నిజంగానే వంగబోయారు. నాకు జాలి వేసింది, ఒళ్ళు మండింది కూడా, రెండూ ఆయన మీదే. తన ఊళ్ళో అప్పు పద్దు అడగడానికి రైతు ఇంటిముందు స్కూటరు ఆపి హారన్ కొట్టే మనిషి, ఇక్కడ ఒక కార్డు చూపించమని నోరు తెరిచి అడగలేక నా కాళ్ళ దాకా వచ్చాడు. ఆయన్ని భుజం పట్టి లేపుతుండగా ఆయన చేతిలోని ఫోన్ మోగింది. మండపం నుంచి కూతురు.

లావణ్య కృత్తివెన్నులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షచేసే ల్యాబులో పనిచేస్తుంది. ఆ అమ్మాయితో నేను మాట్లాడటం అదే మొదలు. తండ్రి స్పీకరు నొక్కి ఫోన్ నాకిచ్చారు.

"మేడం, లావణ్యనండీ. నాన్న ఏడుస్తున్నారా?"

"ఇంకా లేదమ్మా" అన్నాను.

"మీరు చేసింది కరెక్టేనండీ. మా ల్యాబుకీ ఇలాగే పక్క రైతు చేత నీళ్ళ బాటిల్ పంపిస్తారు. రిపోర్టు తేడాగా వస్తే ఆ చెరువు నాది కాదంటాడు చెరువు గలాయన. అందుకే మేం చెరువు గలాయనే స్వయంగా వస్తేనే తీసుకుంటాం. సందీప్ పేరు మీదకి మార్చెయ్యండి బుకింగ్. పడుకునేది వాళ్ళే కదండీ."

సందీప్ పెళ్ళికొడుకు. నాంచారయ్య గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. మగపెళ్ళివారి విడిది మగపెళ్ళివారే చూసుకోవడం ఆయన వంశంలో లేదు, నాకు తెలిసి ఈ జిల్లాలోనే లేదు. నేను మాత్రం పద్ధతి చెప్పాను. బుకింగ్‌ను ఒకరి నుంచి ఒకరికి మార్చడం యాప్‌లో ఉండదు. పాతది రద్దుచేసి కొత్తది చెయ్యాలి. హోస్టుగా నేను రద్దు చేస్తే ఆ తేదీలు మూతపడతాయి, తర్వాత పెళ్ళికొడుకు కూడా చెయ్యలేడు. కాబట్టి బుక్ చేసిన నాంచారయ్య గారే రద్దు చెయ్యాలి, పూర్తి వాపసుకు నేను ఒప్పుకోవాలి. మధ్యలో ఉన్న ఆ కాస్సేపూ ఇల్లు సంతలో పెట్టినట్టే, ఎవరైనా తన్నుకుపోవచ్చు.

"అయితే నేను సందీప్‌కి చెప్తానండీ. నాన్నా, నువ్వు రద్దు నొక్కు."

నేను యాప్ తెరిచి ఫోన్ తిరిగి ఇస్తే నాంచారయ్య గారు దాని వైపు చూశారు. తెర మీద ఎర్రటి అక్షరాల్లో ఆ మాట ఉంది. వేలు దాని దాకా వెళ్ళి ఆగిపోయింది.

"పెళ్ళిరోజున, పొద్దున్నే గణపతి పూజ చేసిన చేత్తో, రద్దు అని నొక్కమంటావా అమ్మా?"

"నొక్కు నాన్నా. వాళ్ళు వెనక్కి పోతే అప్పుడు నిజంగా రద్దే కదా."

ఆయన కళ్ళు మూసుకుని నొక్కారు. కళ్ళు మూసుకున్నందువల్ల మొదటిసారి తప్పుచోట పడింది, రెండోసారి పడింది. ఇల్లు ఖాళీ అని నా ఫోన్‌కు కబురు వచ్చింది. ఆ తర్వాత ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. కార్ల ఏసీ మోత ఒక్కటే వినిపిస్తోంది. ముందు కారులో ముందుసీటు నుంచి వెనక్కి తిరిగి కోటేశ్వరరావు గారు చెయ్యి ఊపుతూ ఉపన్యసించడం అద్దంలోంచి కనిపిస్తోంది. వెనక సీట్లో పట్టుపంచెలో కూర్చున్న పెళ్ళికొడుకు బుద్ధిగా తలవంచుకుని వింటున్నాడు. వినడం లేదు, తలవంచి ఫోన్‌లో ఇల్లు బుక్ చేస్తున్నాడని నా ఫోన్ మోగాకే తెలిసింది.

బుకింగ్ సందీప్ పేరు మీద, అతని బ్యాంకు కార్డు మీద, దిగే అందరి అసలు పేర్లతో వచ్చింది. పెద్దబావగారికి కోటేశ్వరరావు అనే పేరుందని నాకు అధికారికంగా తెలిసింది అప్పుడే. కొన్నాళ్ళ కిందట కుటుంబమంతటికీ రైలు టికెట్లు తీసినవాడు కనుక అందరి కార్డుల ఫొటోలూ అతని ఫోన్‌లో ఉన్నాయి. కారు దిగి, గేటు దగ్గరకొచ్చి, ఒక్కొక్కటీ చూపించాడు. నేను రిజిస్టరులో రాసుకుని తాళాలు అతని చేతిలో పెట్టాను. అతను వెనక్కి వెళ్ళి పెదనాన్నతో, ఇంక ఎవరూ ఏమీ అడగరు, లోపలికి రండి అన్నాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు.

కోటేశ్వరరావు గారు గెలిచిన మనిషిలా దిగారు. సన్నాయి అందుకుంది. పానకం తాగి, మూతి తుడుచుకుని, "మనం గట్టిగా ఉండబట్టి సరిపోయింది" అని తమ్ముడితో అన్నారు. ఆయన గుమ్మం దాటుతున్నప్పుడు మొహాన్ని కార్డు ఫొటోతో సరిచూసుకున్నాను. ఫొటోలోనూ అలిగే ఉన్నారు.

అసలు కథ లోపలికి వెళ్ళాక జరిగింది. దిగిన కాసేపటికే వంకలు మొదలయ్యాయి. కాఫీ నీళ్ళలా ఉంది, దిండ్లు రాళ్ళలా ఉన్నాయి, పై గదిలో ఏసీ గురక పెడుతోంది. ప్రతిదానికీ "నాంచారయ్యా" అని మేడ మీంచి కేక. ఆయన వయసు మరిచిపోయి మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. మూడోసారి మెట్ల దగ్గర నేను అడ్డంగా నిలబడ్డాను. ఈ ఇంటికి సంబంధించిన ఏ ఫిర్యాదైనా బుకింగ్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ ద్వారానే తీసుకుంటానని, మేడ మీదికి వినపడేలా చెప్పాను. హోటల్లో డ్యూటీ మేనేజరు గొంతు ఒకటి ఉంటుంది, అది పోలేదు.

"ఎవరి పేరు మీదుంది?" అన్నారు పైనుంచి కోటేశ్వరరావు గారు.

"నా పేరు మీదే పెదనాన్నా" అన్నాడు సందీప్. అప్పుడే అతన్ని ముస్తాబు చేస్తున్నారు, నుదుట కల్యాణ తిలకం, బుగ్గన కాటుక చుక్క. అలాగే లేచి వచ్చి కాఫీ ఫ్లాస్కు అందుకున్నాడు. "కాఫీ చిక్కగా కావాలా? నేను చెప్పి తెస్తానుండండి. దిండ్లు ఎన్ని మార్చాలి?"

బుగ్గన చుక్కతో ఫ్లాస్కు పట్టుకుని నిలబడిన పెళ్ళికొడుకును కోటేశ్వరరావు గారు చాలాసేపు చూశారు. ఆడపెళ్ళివాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెళ్ళికొడుకు తల్లి, జాబితాలో అక్కయ్య గారు, కొడుకు చేతిలోంచి ఫ్లాస్కు లాక్కుని, కాఫీ బాగానే ఉందని ప్రకటించారు. ఒక్క చుక్క పాలు కలపకుండానే ఆ కాఫీ చిక్కబడింది. దిండ్లు మెత్తబడ్డాయి. ఏసీ గురక ఎవరికీ వినిపించలేదు. మా వృత్తిలో అంత త్వరగా అన్ని ఫిర్యాదులూ పరిష్కారం కావడం నేను మళ్ళీ చూడలేదు.

నాంచారయ్య గారు మెట్ల కింద కుర్చీలో కూర్చుని ఉన్నారు. పైనుంచి కేకలు ఆగిపోయేసరికి ఆయనకు తోచలేదు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలండీ?" అన్నారు.

"మండపానికి వెళ్ళి మీ అమ్మాయిని చూసుకోండి" అన్నాను. పొద్దుటి నుంచీ చూడలేదట.

పెళ్ళి జరిగింది. ఖాళీ చేసే రోజున సందీప్ నాతోపాటు ప్రతి గదీ తిరిగి చూశాడు. మెట్ల మలుపులో గోడ మీద కిళ్ళీ మరక ఉంటే ఎవరు ఉమిశారని నేను అడగకముందే తడిగుడ్డ తెచ్చి తానే తుడిచాడు. మనవాళ్ళు ఎంతమంది దిగినా అంతకుముందు అలా తుడిచినవాడు లేడు. తర్వాత యాప్‌లో అతను రాసిన అభిప్రాయం కూడా చదివాను: ఇల్లు బాగుంది, ఆవిడ కొంచెం కఠినం. అయిదు చుక్కలకు నాలుగే ఇచ్చాడు. ఎంతైనా మగపెళ్ళివాడు.

మరుసటి ఏడు నాంచారయ్య గారి నుంచి మళ్ళీ బుకింగ్ అభ్యర్థన వచ్చింది. ఎవరు దిగుతారని ఫోన్ చేసి అడిగితే ఆయన నీళ్ళు నమిలి, పక్కనున్న మనిషికి ఫోన్ ఇచ్చారు. ఆ మనిషి కోటేశ్వరరావు గారు. వాళ్ళ అమ్మాయి పెళ్ళట, బందరులోనే, ఏలూరు సంబంధం. మగపెళ్ళివారికి విడిది కావాలి. నేనంటే భయమో మరేమిటో, మా ఇంటి సంగతి తెలిసిన వియ్యాలవారి చేత చేయిద్దామనుకున్నారు.

"మీ పద్ధతి మంచిదేనండీ, నేను కాదనను" అన్నారు. "కాకపోతే వాళ్ళు కాస్త పట్టింపు మనుషులండీ. కార్డులవీ గుమ్మం దగ్గర అడగకుండా ఉంటే..."

సర్వీసంతా కుర్చీలోంచి మాట్లాడిన గొంతులో అన్ని అండీలు వింటుంటే నాకు నవ్వు రాలేదు. మీ కాబోయే అల్లుడి చేత బుక్ చేయించండి, ఏ ఇబ్బందీ ఉండదు, మీకు అనుభవమే కదా అన్నాను.

"అతన్ని నేనెలా అడుగుతానండీ?" అన్నారు ఆయన.

ఆ బుకింగ్ నేను తీసుకోలేదు. ఈ పని చేసినన్నాళ్ళలో నాకు అర్థమైంది ఇది. ఇంకొకరి కోసం బుక్ చేసేవాడు, దిగేవాడికి భయపడేవాడే అయి ఉంటాడు. భయపడేవాడి నెత్తిన జవాబుదారీ పెట్టి, తాళం చెవి భయపెట్టేవాడికి ఇస్తే ఇంట్లో ఏ వస్తువూ మిగలదు. నియమం మాటల్లో చెప్పాలంటే, తాళం ఎవరి చేతిలో పెడితే సంతకం వాళ్ళదే తీసుకోవాలి, వాళ్ళు ఎవరి తాలూకు అయినా సరే.